హాఫ్‌బ్యాక్‌కి ఫ్రాన్స్ తొందరేం లేదు

ప్రశ్న: మాది గుంటూరు. పదిహేనేళ్లుగా న్యూజిలాండ్‌లో, హామిల్టన్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి 17. స్కూల్ ఫస్ట్ ఫిఫ్టీన్ (ప్రధాన) రగ్బీ టీమ్‌లో హాఫ్‌బ్యాక్ ఆడతాడు, అంటే గుంపులోంచి బంతి తీసి వెనకవాళ్లకి అందించే స్థానం. ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 76 కిలోలు. ఈమధ్య గ్రౌండ్‌లో ఒకాయన కలిసి, ఫ్రాన్స్‌లో ఏదో చిన్న క్లబ్‌లో పెట్టిస్తాను, ముందు 4 వేల డాలర్లు కట్టండి అన్నాడు. అప్పట్నుంచి వీడి కాళ్లు నేల మీద లేవు. వాళ్ల నాన్న ఇంజనీరింగ్ తప్ప ఇంకో మాట ఎత్తొద్దంటున్నారు. ఇద్దరి మధ్య నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ 4 వేల డాలర్లు కట్టకండి. ఆటగాడికి కాంట్రాక్ట్ కుదిర్చి, అందులోంచి కమిషన్ తీసుకునేవాడు ఏజెంటు. ఏదీ కుదరకముందే చెయ్యి చాపేవాడు వేరే రకం. న్యూజిలాండ్ రగ్బీ ఆటగాళ్ల సంఘానికి ఫోన్ చేసి, ఈయన గుర్తింపు ఉన్న ఏజెంటేనా అని అడగండి. సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

ఇక అసలు సంగతి. రగ్బీ నేర్చుకోవడానికి వేరే దేశాల పిల్లలు మీరున్న చోటికి వస్తారు. సూపర్ రగ్బీ ఆడే చీఫ్స్ జట్టు సొంత మైదానం మీ ఊళ్లోనే ఉంది. అక్కడుండి 18 ఏళ్లకే ఫ్రాన్స్ పోవడమంటే గుంటూరులో ఉంటూ మిరపకాయలకి పరాయి ఊరు పోయినట్టే. స్కూల్ తర్వాత వైకాటో అకాడమీ, ఆపైన 14 ప్రావిన్సులు ఆడే జాతీయ పోటీ ఎన్‌పీసీ, ఆపైన పెద్ద ప్రొఫెషనల్ లీగ్ సూపర్ రగ్బీ. ఈ మెట్లెక్కి పేరు తెచ్చుకున్నాకే విదేశీ క్లబ్బులు మంచి డబ్బు పెడతాయి. పైగా ఆల్ బ్లాక్స్‌కి, అంటే దేశం జట్టుకి, ఆడాలంటే న్యూజిలాండ్‌లోనే ఆడుతూ ఉండాలి. మీవాడి గోడ మీద నల్ల జెర్సీ ఫోటో ఉంటే, ఈ ఒక్క ముక్క చెప్పి చూడండి.

ఎత్తు చాలదేమోనని మీరు రాయకపోయినా, మీ మనసులో ఆ భయం ఉందని తెలుస్తూనే ఉంది. ఆరన్ స్మిత్ ఎత్తు 171 సెంటీమీటర్లు. ఆడింది మీవాడి స్థానమే. స్కూల్ అయ్యాక ఫీల్డింగ్ అనే చిన్న ఊళ్లో హెయిర్ డ్రెస్సర్‌గా పని నేర్చుకున్నాడు. మానవాటు ప్రావిన్సుకి ఆడాడు, తర్వాత హైలాండర్స్‌కి, 2012 నుంచి 2023 వరకు ఆల్ బ్లాక్స్‌కి 125 టెస్టులు. అంతా అయ్యాక, 35 దగ్గర పడుతుండగా, జపాన్‌లో టొయోటా జట్టుకి వెళ్లాడు. చేతిలో కత్తెర పని ఉంది కాబట్టి మొదట్లో ఆట కోసం ఆగగలిగాడని నేననుకుంటాను.

ఫ్రాన్స్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. అక్కడి పెద్ద లీగ్ టాప్ 14లో ఆడే క్లబ్బులు ఫ్రాన్స్‌లోనే తయారైన ఆటగాళ్లని జట్టులో తగినంతమందిని ఉంచాలి. దాంతో బయటివాళ్లకి దొరికే చోట్లు తక్కువ. ఆ కొద్ది చోట్లూ రెండు జట్లూ ఎదురెదురుగా తోసుకునే స్క్రమ్‌లో బరువు మోసే భారీ ప్రాప్‌లకీ, పేరున్న వాళ్లకీ పోతాయి. హాఫ్‌బ్యాక్‌లకి ఆ దేశంలో కరువు లేదు, వాళ్ల స్టార్ ఆటగాడు ఆంట్వాన్ డ్యూపాన్ ఆడే స్థానం అదే. కింది లీగుల్లో చోటు దొరకొచ్చు. కానీ జీతం, ఇల్లు, వీసా ఎవరు చూస్తారో కాగితం మీద ఉండాలి.

కాగితం అంటే గుర్తొచ్చింది. యూరప్‌లో ఓ చిన్న క్లబ్‌కి ఆడి వచ్చిన అబ్బాయి ఒకడు నా దగ్గరికొచ్చాడు. మోకాలికి పట్టీ. ఫోన్‌లో కాంట్రాక్ట్ తెరిచి, ఒక్కో పేరా అనువాదం యాప్‌లో వేసి నాకు చూపించాడు. నాలుగో పేజీలో ఉంది: గాయమై ఇన్ని వారాలు దాటితే ఇల్లు ఖాళీ చేయాలని. "సంతకం పెట్టేటప్పుడు మొదటి పేజీలో జీతం అంకె ఒక్కటే చూశానండీ" అన్నాడు. పెద్ద క్లబ్ అయినా భరోసా లేదు. ఇంగ్లండ్‌లో వూస్టర్, వాస్ప్స్ రెండూ 2022లో సీజన్ మధ్యలోనే దివాలా తీశాయి, మరుసటి ఏడు లండన్ ఐరిష్. ఆటగాళ్లు ఉన్నపళంగా రోడ్డున పడ్డారు. యూకే యూత్ వీసా మీద వెళ్లిపోదామని ఎవరైనా అంటే, దాని మీద ప్రొఫెషనల్‌గా ఆడకూడదని గుర్తుంచుకోండి.

తలకి దెబ్బల సంగతి దాచడం నాకిష్టం లేదు. 2003 ప్రపంచకప్ గెలిచిన ఇంగ్లండ్ ఆటగాడు స్టీవ్ థాంప్సన్‌కి నలభై రెండేళ్లకే డిమెన్షియా ఉందని తేలింది. ఆ కప్పు గెలిచిన రోజు తనకి గుర్తే లేదని చెప్పాడు. తల తిరిగిన రోజు మీవాడు కోచ్ దగ్గర దాచకుండా చెప్పాలి. ఈ షరతు మీద మాత్రం బేరం వద్దు.

వాళ్ల నాన్నగారితో గొడవ అక్కర్లేదు. ఇంజనీరింగ్ వైకాటో యూనివర్సిటీలోనే ఉంది. ఎన్‌పీసీ ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా నడుస్తుంది కాబట్టి అంతదాకా వెళ్తే దెబ్బ పడేది రెండో సెమిస్టర్ మీదే. మొదటి సెమిస్టర్‌లో నిండా పేపర్లు తీసుకుని, రెండోదాంట్లో ఒకటో రెండో పెట్టుకోమనండి. డిగ్రీ ఒకటి రెండేళ్లు సాగుతుంది, సాగనివ్వండి. 21, 22 వచ్చేసరికి ఎన్‌పీసీ కాంట్రాక్ట్ రాకపోతే అప్పుడు ముగ్గురూ కూర్చుని మళ్లీ మాట్లాడుకోండి. క్లబ్ రగ్బీ ఎలాగూ ఉంటుంది, 85 కిలోల లోపు వాళ్లకి 2020 నుంచి వేరే జాతీయ కప్పే ఉంది.

ఇంకొకటి. ఆ ఏజెంటుకి గుర్తింపు లేదని తేలితే మీరు మాట్లాడొద్దు. మీవాడి చేతే ఆయనకి ఫోన్ చేయించి వద్దని చెప్పించండి. ఆ టైమ్‌లో వాళ్ల నాన్నని పక్కన కూర్చోమనండి.