ఖాళీ ఫైల్ ముందు చెయ్యి ఆడటం లేదా?

ప్రశ్న: సార్, నేను బీకామ్ చదివాను, ఇంటర్ దాకా తెలుగు మీడియమే. నాన్నగారికి కిరాణా కొట్టుంది. కొన్ని నెలలుగా యూట్యూబ్‌లో పైథాన్ ప్రోగ్రామింగ్ వీడియోలు చూస్తున్నాను. చూసేటప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది, సొంతంగా రాద్దామని ఫైల్ తెరిస్తే ఒక్క లైనూ రాదు. జావాకి మారిపొమ్మని ఒకరు, ముందు సీ నేర్చుకోకపోతే ఏదీ రాదని ఇంకొకరు అంటున్నారు. లెక్కలు, ఇంగ్లీషు రెండూ నాకు అంతంతమాత్రమే. నాకసలు కోడింగ్ వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: వస్తుందమ్మా. పైథాన్ మాత్రం వదలకండి, వీడియోలు కొన్నాళ్లు ఆపేయండి. వీడియోలో ఏ లైన్ తర్వాత ఏ లైన్ రాయాలో అవతలివాళ్లే తేల్చేస్తారు, మనం చూసి సరే అనుకుంటాం. ఖాళీ ఫైల్ తెరిస్తే ఆ తేల్చే పని మీ మీద పడుతుంది, అది ఇంతవరకు మీరు చేయలేదు కాబట్టే చెయ్యి ఆడటం లేదు. తెలివి తక్కువై కాదు.

మీ కొట్లో అరువు ఖాతా ఉంటుందిగా, దానితో మొదలుపెట్టండి. పేరు అడగాలి, పాత బాకీ ఎంతో అడగాలి, ఇవాళ తీసుకున్న సరుకు ఎంతైందో అడగాలి, రెండూ కలిపి చూపించాలి. ఈ నాలుగు పనులూ ముందు కాగితం మీద తెలుగులో రాసుకుని, ఒక్కోదాని కింద దానికి సరిపడే పైథాన్ లైన్ రాయండి. అడగడానికి ఇన్‌పుట్, చూపించడానికి ప్రింట్ తెలిస్తే సరిపోతుంది.

రాసి రన్ చేశాక పాత బాకీ 500, ఇవాళ్టిది 200 అని కొట్టి చూడండి, 700 రాదు, 500200 వస్తుంది! పైథాన్ పొరబడలేదు. ఇన్‌పుట్ ద్వారా ఏది తీసుకున్నా, అంకెలే కొట్టినా సరే, దాన్ని అక్షరాల వరసగానే ఉంచుకుంటుంది, అక్షరాల వరసల మధ్య ప్లస్ పెడితే ఒకదాని పక్కన ఒకటి అతికిస్తుంది. వాటిని సంఖ్యలుగా మార్చమని మీరే చెప్పాలి, అందుకు ఇంట్ అనేది ఉంది. అది పెట్టాక 700 వస్తుంది. ఇప్పుడు కావాలనే 200 బదులు '200రూ' అని కొట్టండి, వేల్యూ ఎర్రర్ అంటూ ఓ పెద్ద మెసేజ్ పడుతుంది. పై నుంచి చదవకండి, అట్టడుగు లైన్ ముందు చదవండి. తప్పు ఏ రకందో అక్కడుంటుంది, మీ ఫైల్లో ఎన్నో లైన్‌లో జరిగిందో దాని పైనుంటుంది. ఏ కోర్సులో చేరినా చేరకపోయినా ఎర్రర్ మెసేజ్ చదవడం వచ్చి తీరాలి, ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. అర్థం కాకపోతే చాట్‌జీపీటీని వివరించమని అడగండి, కోడ్ రాసిమ్మని మాత్రం ఇప్పుడే అడగకండి.

ఆ తర్వాత ఏం నేర్చుకోవాలో ఖాతానే చెబుతుంది. ప్రోగ్రాం ఆగగానే బాకీలన్నీ పోతాయి, కాబట్టి ఫైల్లో దాచడం నేర్చుకోవాలి. ఖాతాదారులు పెరిగేకొద్దీ డిక్షనరీ, అంటే ఒక్కో పేరుకి ఎదురుగా దాని బాకీని ఉంచుకునే పైథాన్ పద్ధతి, కావాల్సి వస్తుంది. పైసల దగ్గర మాత్రం జాగ్రత్త: పైథాన్‌ని 0.1 + 0.2 ఎంత అని అడిగితే 0.30000000000000004 అంటుంది, ఎందుకంటే కంప్యూటర్ వీటిని బైనరీలో, అంటే సున్నా, ఒకటి అంకెలతోనే దాస్తుంది, 0.1 అందులో కచ్చితంగా ఇమడదు. డబ్బుని పైసల్లోకి మార్చి పూర్ణసంఖ్యగా ఉంచుకుంటే ఈ బాధ ఉండదు. పైసా తేడా వస్తే ఎంత వెతకాలో బీకామ్ చదివిన మీకు నేను చెప్పక్కర్లేదు.

లెక్కలంటారా, మొదట్లో కూడికలు, తీసివేతలు, శేషం తెలిస్తే చాలు. ఇంగ్లీషు గురించీ అంత భయం వద్దు. పైథాన్ 3లో కీవర్డ్‌లు, అంటే భాష తనకోసం అట్టేపెట్టుకున్న ఇంగ్లీషు మాటలు, 35, మొదట్లో వాటిలో పదీపన్నెండుతో పని నడిచిపోతుంది. విలువలు దాచుకునే వేరియబుల్స్‌కి బాకీ, సరుకు అని తెలుగు లిపిలో పేర్లు పెట్టినా ఒప్పుకుంటుంది. ఇక సీ అంటారా, 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు రాయడానికి పుట్టిన భాష అది, మెమరీ సంగతి కూడా మనమే చూసుకోవాలి. మంచి భాషే, తర్వాత నేర్చుకోవచ్చు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను, ఉద్యోగం గ్యారంటీ అంటే నమ్మి అప్పు చేసి ఫీజు కట్టకండి. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో ఐఐటీ అధ్యాపకుల పైథాన్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి, సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే డబ్బు కట్టాలి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ కొనే స్తోమత లేదు. ఫోన్‌లో పైథాన్ నేర్చుకోవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: మొదలుపెట్టొచ్చు. పైథాన్ రాసి నడిపే గూగుల్ కోలాబ్ ఫోన్ బ్రౌజర్‌లోనే ఉచితంగా తెరుచుకుంటుంది, నెట్, గూగుల్ అకౌంట్ ఉంటే చాలు. చిక్కల్లా టైపింగ్‌తోనే. పైథాన్‌లో లైన్ ముందు వదిలే ఖాళీకి కూడా అర్థం ఉంటుంది, చిన్న స్క్రీన్ మీద అది తప్పితే ఇండెంటేషన్ ఎర్రర్ వస్తుంది. ఓటీజీ కేబుల్‌తో మామూలు కీబోర్డ్ తగిలించుకోండి, పెద్ద ప్రోగ్రాంలు కాలేజీ ల్యాబ్‌లో రాయండి.