తొలి ట్రిప్పు చూసుకో: శీతాకాలంలో డిపో నడిపే మేనల్లుడికి

చిరంజీవి అబ్బాయికి మావయ్య ఆశీస్సులు.

కోనసీమలో బస్సు డిపో బాధ్యత చేతికొచ్చాక నీకిదే మొదటి శీతాకాలం. మనవైపు శీతాకాలమంటే చలి కాదురా. ఎంత చలి అనుకున్నా తెల్లారుజామున 17, 18 డిగ్రీలు. దానికి డీజిలు గడ్డకట్టదు, ఇంజను మొరాయించదు. మనల్ని పట్టేవి మూడే: మంచు, ధాన్యం, పండగ. ఈ మూడూ కలిసి బస్సుని దెబ్బకొట్టేది తెల్లవారుజాము నాలుగున్నరకీ ఉదయం ఎనిమిదికీ మధ్యే. అందుకని ముందుగా తొలి ట్రిప్పు చూసుకో. తొలి ట్రిప్పు పావుగంట ఆలస్యమైతే కాలేజీ పిల్లలకి రెండో బస్సు అందదు. ఆ పావుగంటని పూడ్చుకోవాలని డ్రైవరు ఎనిమిదిన్నరకి తొందరపడతాడు. సరిగ్గా అప్పుడే బడిపిల్లలు సైకిళ్ళేసుకుని రోడ్డుమీదుంటారు.

కాబట్టి మొదటి పని గ్యారేజీలో కాదు, డ్యూటీ చార్టులో. మామూలు రోజుల్లో 65 నిమిషాలు పట్టే పల్లెవెలుగు ట్రిప్పుకి, కార్తీకం మధ్య నుంచి రథసప్తమి దాకా, తొలి ట్రిప్పు వరకే 80 నిమిషాలు రాయించు. ఆ 15 నిమిషాలు ఎక్కణ్ణుంచి తెస్తావంటే, మధ్యాహ్నం పన్నెండుకీ మూడుకీ మధ్య బస్టాండులో బస్సు ఊరికే నిలబడే సమయంలోంచి. కిలోమీటర్లు తగ్గవు, డ్యూటీ గంటలు పెరగవు. బయలుదేరే టైము మాత్రం మార్చకు. పల్లెలో జనం గడియారం ఆ బస్సే. ఆలస్యానికి సంజాయిషీ అడగనని నోటిమాటగా చెబితే సరిపోదు, కాగితం మీద నిమిషాలు ఉండాలి. కాగితం మీద 65 ఉన్నంతకాలం ఏ డ్రైవరూ నీ మాట నమ్మడు.

ఇంకోటి గుర్తుపెట్టుకో. జనవరిలో మనకి సూర్యుడొచ్చేది ఆరున్నర దాటాక. మంచు చాలాసార్లు చిక్కబడేది కూడా అప్పుడే. గాలి అన్నిటికన్నా చల్లగా ఉండేది పొద్దుపొడుపు వేళ. కాలువలూ తడిచేలూ రొయ్యల చెరువులూ వదిలిన తేమంతా ఆ చల్లదనానికి నేలబారున పేరుకుంటుంది. అయిదింటికి తేటగా ఉన్న దారి ఆరున్నరకి తెల్లగా మూసుకుపోవచ్చు. ‘తెల్లారింది కదా’ అని వేగం పెంచేవాణ్ణి ముందే హెచ్చరించు.

వేగం ఎంతుండాలో లెక్కగా చెప్పు. ‘జాగ్రత్తగా నడపండి’ అంటే ఎవరికి తోచినట్టు వాళ్ళు అర్థం చేసుకుంటారు. మంచుకి తడిసిన రోడ్డుమీద 40 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు, డ్రైవరు చూసి, కాలు వేసి, ఆగేసరికి 32 మీటర్లు తింటుంది. 50 వేగానికి 45 మీటర్లు, 30 వేగానికి 21. నిండు బస్సయితే మరికాస్త కలుపుకో. మంచులో మీటర్లు ఎవడు కొలుస్తాడు? కరెంటు స్తంభాలతో కొలిపించు. నీ ఒక్కో రూటులో రెండు స్తంభాల మధ్య దూరం ఎంతో ఒకసారి మనిషిచేత కొలిపించి డ్రైవర్లకి చెప్పు. అది 50 మీటర్లున్న చోట, ఒక స్తంభం దాటేసరికి తర్వాతది కనిపిస్తుంటే 40 మించకూడదు. సగం దూరం వచ్చాకగాని కనిపించకపోతే 25. కాలువగట్టు అంచే కనబడకపోతే వచ్చే ఊళ్ళో, దీపం కింద, రోడ్డు దిగి ఆగాలి. నడిరోడ్డుమీద లైట్లార్పి ఆగటం అన్నిటికన్నా ప్రమాదం. వంతెన మీద ఎట్టి పరిస్థితిలోనూ ఆగకూడదు. జొన్నాడ దగ్గర గౌతమి మీద, చించినాడ దగ్గర వశిష్ఠ మీద, బోడసకుర్రు దగ్గర వైనతేయ మీద మంచు ఊళ్ళోకన్నా చిక్కగా ఉంటుంది. ఆగాల్సి వస్తే ఎక్కకముందే ఆగాలి.

కాలువగట్టు రోడ్లు చాలావాటికి తారు వెడల్పు 3.75 మీటర్లు, బస్సు వెడల్పు రెండున్నర పైచిలుకు. రెండు బస్సులు ఎదురైతే ఒకటి రోడ్డు పక్కనున్న మట్టి మార్జిన్‌లోకి దిగాల్సిందే. అక్టోబరు, నవంబరు వానలకి నానిన మార్జిన్ పైకి గట్టిగా, గడ్డి కప్పుకుని కనిపిస్తుంది, లోపల గుల్లగా ఉంటుంది. ఎడమ చక్రం దిగగానే బస్సు కాలువవైపు ఒరుగుతుంది. అందుకని ఎదురెదురు బస్సులు దాటుకునే చోట్లు ముందే నిర్ణయించు. ఊరి రచ్చచెట్టు దగ్గరో, స్కూలు దగ్గరో వెడల్పున్న చోట ముందొచ్చిన బస్సు రెండో బస్సు కోసం నిలబడాలి. కండక్టర్లిద్దరి దగ్గరా ఫోన్లుంటాయి, వాళ్ళే మాట్లాడుకుంటారు. సందురోడ్డు నుంచి 216 హైవే ఎక్కేచోట మాత్రం మంచున్న రోజు కండక్టరు దిగి, టార్చితో రెండువైపులా చూసి ఈల వేయాలి. ఈ ఒక్కటీ రాతపూర్వకంగా ఇవ్వు.

ఇక గ్యారేజీ. అన్నిటికన్నా ముందు బ్రేకుల గాలి ట్యాంకులు. గాలి చల్లబడితే అందులో తేమ నీరై ట్యాంకు అడుక్కి చేరుతుంది. రోజూ రాత్రి బస్సు లోపలికొచ్చాక, ట్యాంకులో గాలి ఇంకా ఉండగానే, అడుగున ఉన్న డ్రెయిన్ కాక్ తెరిపించు. ముందు బుస్సుమని గాలితో పాటు నీళ్ళు చిమ్ముతాయి, తర్వాత వట్టి గాలి. వట్టి గాలి వచ్చేదాకా పట్టి ఉంచాలి. ఆ నీళ్ళేమిటో చూడమను. తేటగా ఉంటే మామూలే. పాలు కలిపిన కాఫీలా, వేళ్ళకి జిడ్డుగా అంటుకుంటే కంప్రెసరు నూనె వదులుతోందన్నమాట, అది రింగుల పని. తుప్పు రంగులో వస్తే ట్యాంకు లోపల తినేస్తోంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలిలో తిరిగే బండ్లలో ఇది ఎక్కువ. ఈ నీళ్ళు తీయకపోతే వాల్వుల్లోకి పోయి రబ్బరు సీళ్ళు పాడవుతాయి. ఒక తెల్లారుజామున బ్రేకు పట్టి వదలదు, లేదా ఒక పక్కే పడుతుంది. పొద్దున్న స్టార్టు చేశాక బ్రేకు గాలి గేజీ ముల్లు 6 దాటేదాకా బస్సు కదలకూడదు. గేటు లోపలే రెండుసార్లు బ్రేకు తొక్కి చూసుకోవాలి. అరగంట ఇంజను వేడెక్కించే అలవాటు మాన్పించు. గాలి నిండేదాకా చాలు, మిగతాది డీజిలు దండగ.

వేసవిలో ఇంజను వేడెక్కుతోందని థర్మోస్టాటు తీసేసిన బండ్లుంటాయి. వాటిని వెతికి పెట్టించు. సుమారు 80 డిగ్రీలకి తెరుచుకోవాల్సిన ఆ వాల్వు లేకపోతే ఇంజను పొద్దున్న ఎంతకీ వేడెక్కదు, పొగ వస్తుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది. డీజిలు ట్యాంకు సాయంత్రమే నింపాలి. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి మంచుకి లోపలి గోడలకి చెమ్మపట్టి నీరు దిగుతుంది. ఫిల్టరు కింద నీరు వదిలే మర వారానికోసారి తిప్పించు.

బ్యాటరీలు ఎండకి చెడతాయి, చలికి బయటపడతాయి. 24 వోల్టుల బండిలో రెండు 12 వోల్టువి వరసగా కలిపి ఉంటాయి కదా, ఒకటి పాతది, ఒకటి కొత్తది జత చేస్తే పాతది కొత్తదాన్ని కూడా ముంచుతుంది. జతగానే మార్చు. పూర్తి చార్జి తర్వాత కూడా హైడ్రోమీటరు 1.240 కన్నా కిందే చూపించినా, ఏ ఒక్క గదిలోనైనా మిగతావాటికన్నా 30 పాయింట్లు (అంటే 0.030) తేడా వచ్చినా ఆ బ్యాటరీని, రాత్రి పల్లెలోనే ఆగి పొద్దున్న అక్కణ్ణుంచే బయలుదేరే నైట్ హాల్టు బస్సుకి పంపకు. పల్లెలో తోసి స్టార్టు చేయటానికి నాలుగున్నరకి మనుషులెవరూ దొరకరు.

నైట్ హాల్టు బస్సు సంగతి మరికాస్త. రాత్రి చేరగానే బస్సుని పొద్దున్న పోయే దిక్కుకి తిప్పి పెట్టించాలి. మంచులో, చీకట్లో, చెరువుగట్టు మీద రివర్సు చేయటంకన్నా ప్రమాదం లేదు. మెరకనేల చూసి, కొబ్బరిచెట్టు కింద కాకుండా పెట్టాలి. డ్రైవరూ కండక్టరూ పడుకోవటానికి పంచాయతీవారిని అడిగి ఒక గది, రెండు దోమతెరలు ఏర్పాటు చేయి. దోమలతో రాత్రంతా జాగారం చేసినవాడు ఆరింటికి స్టీరింగు మీద కునుకుతాడు. ఇది చిన్న ఖర్చు, అశ్రద్ధ చేయొద్దు.

అద్దం సంగతి డ్రైవర్లు చెబుతూనే ఉంటారు. జనం చలికి కిటికీలన్నీ మూస్తారు, యాభైమంది ఊపిరికి ముందు అద్దం లోపలివైపు మసకబారుతుంది. తడిచేత్తో తుడిస్తే ఎదుటి లైట్లకి చుక్కలు చుక్కలుగా మెరిసి ఇంకా గుడ్డిదవుతుంది. మందు ఏమిటంటే గాలి ఆడటమే. డ్రైవరు పక్క కిటికీ నాలుగు వేళ్ళు, వెనక చివరి కిటికీ ఒకటి తెరిచి ఉంచాలి. ముందురోజు సాయంత్రం సబ్బునీళ్ళతో కడిగి, పొడి నూలుగుడ్డతో మెరిసేదాకా రుద్దితే మసక చాలావరకు పట్టదు. మధ్య కిటికీల రబ్బర్లు నవంబరులోపే సరిచేయిస్తే జనం కూడా ఒకటి రెండు తెరిచి ఉంచితే పేచీ పెట్టరు.

హెడ్‌లైట్లు ఎప్పుడూ డిప్‌లోనే. హైబీమ్ వేస్తే మంచు తెల్లగోడలా ఎదురొస్తుంది. చదునైన చోట గోడకి 10 మీటర్ల దూరంలో బస్సు నిలబెట్టి చూడు. డిప్ కాంతి పై అంచు ల్యాంపు మధ్యభాగంకన్నా 10 సెంటీమీటర్లు దిగువన పడాలి. వెనక బరువెక్కితే ముందు లేస్తుంది కాబట్టి కాస్త కిందకున్నా ఫర్వాలేదు, పైకి మాత్రం ఉండకూడదు. ఫాగ్ ల్యాంపు రంగు గురించి వాదించుకునేకన్నా బంపరు కింద, ఎంత దిగువన పెడితే అంత మేలు. మెరుపు టేపులు ముందు తెలుపు, పక్కన పసుపు, వెనక ఎరుపు. వెనక టేపూ లైట్లూ ప్రతి ట్రిప్పు చివర గుడ్డపెట్టి తుడవాలి. దాళ్వా (రెండో పంట) నాట్లకి ట్రాక్టర్లు ఇనప చక్రాలతో చేలోంచి బురద రోడ్డెక్కిస్తాయి, అది చిమ్మి వెనక భాగమంతా మూసేస్తుంది. అదే బురద మంచుకి తడిస్తే జారుడుబల్ల. ముందు చక్రాలకి రీట్రెడ్ (పాత టైరు మీద కొత్త పొర వేసినవి) పెట్టించకు. గాలి పొద్దున్న బండి కదలకముందు కొలిపించు. 10 డిగ్రీల వేడి తగ్గితే 100 పౌన్ల గాలిలో దాదాపు 4 పౌన్లు తగ్గుతాయి.

ధాన్యం గురించి. సార్వా (తొలి పంట) కోతలయ్యాక రోడ్డే కళ్ళం. తేమ 17 శాతానికి దిగితేగాని కొనుగోలు కేంద్రంలో తీసుకోరు, మరి రైతు ఎక్కడ ఆరబోస్తాడు? వాడితో మన సిబ్బంది తగువుపడకూడదు. కోతలకి ముందే సర్పంచినీ, నలుగురు పెద్దరైతులనీ కలిసి మూడు సంగతులు అడుగు: రోడ్డుకి ఒకపక్కే పోయాలి, మలుపుల దగ్గర పోయకూడదు, రాత్రి బరకం కప్పాక అంచున పెట్టే రాళ్ళకి సున్నం కొట్టాలి. నల్లబరకం, నల్లరాళ్ళు, తెల్లమంచు అంటే ఎవడికీ కనబడవు. మెరుపు టేపు ముక్కలు డిపో తరఫున నువ్వే పంచితే ఇంకా మంచిది. మర్యాదగా అడిగితే మనవాళ్ళు కాదనరు.

డ్రైవర్లకి చెప్పాల్సింది వేరే ఉంది. గింజలమీద బ్రేకు వేస్తే చక్రం కింద గోళీల్లా దొర్లుతాయి. ముందే వేగం తగ్గించి, బ్రేకు తొక్కకుండా దాటాలి. గడ్డి పరిచిన చోట పోతే అది ప్రొపెల్లర్ షాఫ్టుకి చుట్టుకుంటుంది. ఎండుగడ్డి వేడి సైలెన్సరుకి తగిలితే రాజుకుంటుంది. కొత్త బీఎస్6 బండ్లలో పొగ శుద్ధిచేసే పెట్టె ఇంకా వేడెక్కుతుంది, వాటితో మరీ జాగ్రత్త. కోతల నెలన్నర రోజులూ ప్రతి రాత్రీ బండి కిందకి దూరి కొక్కెంతో గడ్డి లాగించు. ఊక, పొట్టు రేడియేటరు సందుల్లో నిండితే శీతాకాలంలో కూడా ఇంజను వేడెక్కుతుంది. గాలి ఇంజనువైపు నుంచి బయటికి కొట్టించాలి. బయటినుంచి లోపలికి కొడితే పొట్టు ఇంకా లోతుకి దిగుతుంది.

నవంబరు తుపాన్ల సంగతి నీకు చెప్పక్కర్లేదు. 1996 నవంబరు 6 కోనసీమలో ఎవరూ మరచిపోరు. హెచ్చరిక వచ్చిన సాయంత్రమే నైట్ హాల్టు బస్సులన్నీ డిపోకి పిలిపించు. రెండు రంపాలు, ఒక మోకు, రోజుకి సరిపడా అదనపు డీజిలు సిద్ధంగా ఉంచుకో.

పండగలకి వద్దాం. కార్తీక సోమవారాలకి పంచారామాల బస్సులు, సంక్రాంతికి హైదరాబాదు నుంచి దిగే జనం. స్పెషళ్ళకి బండ్లు కావాలని నీమీద ఒత్తిడి వస్తుంది. మారుమూల ఊరి తొలి ట్రిప్పుని మాత్రం కోయకు. కోయక తప్పదంటే మధ్యాహ్నం ట్రిప్పు కొయ్యి, ముందురోజే ఆ ఊళ్ళో చెప్పించు. భోగికి ముందు రెండు రోజులు రావులపాలెంలో తెల్లారుజామున దిగేవాళ్ళ కోసం మూడు స్పేర్ బస్సులు నాలుగింటి నుంచే పెట్టు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, ఆ చుట్టుపక్కల రోడ్డు మధ్యాహ్నం నుంచి మనది కాదు. రెండువైపులా ఎక్కడ తిప్పెయ్యాలో పోలీసులతో ముందే మాట్లాడి బోర్డు కట్టించు. మాఘ శుద్ధ దశమి రాత్రి అంతర్వేది కల్యాణం, మర్నాడు రథం. కల్యాణం చూసి తిరిగొచ్చే జనం మంచులో ఎక్కుతారు. అక్కడ పగలంతా నడిపిన డ్రైవరుని రాత్రి తోలనివ్వకు, మధ్యాహ్నం నిద్రపోయినవాణ్ణి పంపు. పండగ నాలుగు రోజులూ డ్యూటీ ఎక్కేముందు బ్రీత్ ఎనలైజరు పరీక్ష నుంచి ఎవరికీ మినహాయింపు లేదు.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చాక తొలి ట్రిప్పులో నాట్ల కూలీలు, పూలమ్మేవాళ్ళు, కాలేజీ ఆడపిల్లలు బాగా పెరిగారు. జీరో టిక్కెట్టయినా కొట్టాల్సిందే, కార్డు చూడాల్సిందే, ఆ టైము స్టాపులో పడుతుంది. నేనన్న 80 నిమిషాల్లో అయిదు దీనికే. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళు ఉండగా మంచులో బస్సు కదిలించవద్దని కండక్టరుకి గట్టిగా చెప్పు. నెలరోజులు వరసగా తొలి ట్రిప్పు నిండిపోతే రెండో బస్సు అడుగుతూ లెక్కలతో పైకి రాయి.

సఖినేటిపల్లి రేవు మరచాను. మంచు కమ్మితే గోదావరి దాటించే నర్సాపురం పంటు (రేవు పడవ) కదలదు. పంటు రాకముందే మన బస్సు టైమయిందని ఖాళీగా వెళ్ళిపోతే అవతలినుంచి వచ్చినవాళ్ళు గంటసేపు చలిలో నిలబడతారు. రేవులో ఉన్న మనిషి ఫోను నంబరు కంట్రోలరు బల్లమీద అతికించి, పంటు బయలుదేరిందంటే 20 నిమిషాలదాకా బస్సుని ఆపే అధికారం కంట్రోలరుకే ఇవ్వు. చార్టు రాసేటప్పుడు నాకు ఒక కాపీ పంపు, చూసి గుర్తులు పెట్టి పంపుతాను.

ఇట్లు,
నీ మావయ్య