రాత్రంతా ఒకే గోడ ఎక్కే అబ్బాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మాది మదనపల్లె. చాలా ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అబ్బాయి సెకండ్ పీయూసీ (పన్నెండో తరగతి), సైన్స్. రాత్రి పన్నెండు దాటినా కంప్యూటర్‌లో ‘సెలెస్ట్’ అనే ఆట ఆడుతూనే ఉంటాడు. ఒకే చోట వందసార్లు చచ్చి మళ్లీ మొదలుపెడతాడు. ఈమధ్య తనే ఒక ఆట తయారు చేస్తున్నానంటున్నాడు. అందులో బొమ్మ దూకదట, తాడు విసిరి ఊగుతూ పోతుందట. ఇంజనీరింగ్ వద్దు, గేమ్ డిజైన్ డిప్లొమాలో చేరతానని పట్టుబట్టాడు. వాడికీ వాళ్ల నాన్నకూ మాటల్లేవు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఆ తాడు సంగతి. ఆటలు ఆడే పిల్లలు ఇంటికొకరున్నారు. దూకడం తీసేసి దాని స్థానంలో ఇంకో కదలిక పెడదామని ఆలోచించే పిల్లలు తక్కువ. నేను డిప్లొమా విషయంలో మీ వైపూ, ఆ తాడు విషయంలో మీ అబ్బాయి వైపూ ఉన్నాను. ఎందుకో చెప్తాను.

వాడు ఆడే ఆట గురించి ముందు తెలుసుకోండి. మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ అనే ఇద్దరు దాని తొలి రూపాన్ని నాలుగే నాలుగు రోజుల్లో చేశారు. దాన్నే పెంచి 2018 జనవరిలో పూర్తి ఆటగా విడుదల చేశారు. ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఇండిపెండెంట్ గేమ్ బహుమతి దానికే వచ్చింది. ఒక అమ్మాయి కొండ ఎక్కడమే కథ. దూకడం, గోడ పట్టుకోవడం, ఎనిమిది దిక్కుల్లో ఒక్కసారిగా దూసుకుపోవడం, ఇంతే ఆమెకు తెలిసింది. వేలు క్షణం ఆలస్యమైతే ప్రాణం పోతుంది, వెంటనే అదే గదిలో మళ్లీ పుడుతుంది. వందసార్లు చావడం ఇలాంటి ఆటల్లో మామూలే. ఆటను కట్టిందే అలా. ఎక్కడ తప్పు జరిగిందో చూసుకుని, సరిచేసుకుని, మళ్లీ వెళ్లడమే ఆ ఆట.

ఇంత కఠినమైన ఆటలో కూడా ఆడేవాళ్లకు కనిపించని దయ ఉంటుంది. బొమ్మ అంచు దాటి గాలిలోకి వెళ్లిపోయాక కూడా సెకనులో పదోవంతు సేపు జంప్ బటన్ పనిచేస్తుంది. దీన్ని కొయొటీ టైమ్ అంటారు. నేల తాకడానికి కాస్త ముందే బటన్ నొక్కినా ఆట దాన్ని గుర్తుంచుకుని, కాలు ఆనగానే దూకిస్తుంది. తల అంచుకు కొద్దిగా తగిలితే బొమ్మను పక్కకు జరిపి పైకి పోనిస్తుంది. తెర సెకనుకు 60 సార్లు మారే ఆటలో పదోవంతు అంటే ఆరు ఫ్రేములు, అంటే తెర ఆరుసార్లు మారేంత సేపు. ఆ ఆరు ఫ్రేములు లేకపోతే ‘నేను నొక్కాను, ఆట వినలేదు’ అని మనిషి విసుక్కుని వెళ్లిపోతాడు. ఎవరో కూర్చుని అవతలి మనిషి వేళ్ల గురించి, కళ్ల గురించి ఇంత ఆలోచించారు. నాకు ఈ వృత్తి మీద గౌరవం కలిగించింది ఇదే.

ఇప్పుడు వాడి చదువుకూ దీనికీ ఉన్న సంబంధం. బొమ్మ దూకితే తెర మీద నాలుగు గడుల ఎత్తు వెళ్లాలి, పైకి చేరడానికి 0.4 సెకన్లు పట్టాలి అని డిజైనర్ ముందే అనుకుంటాడు. ఆ రెండు అంకెల నుంచి ఎంత వేగంతో ఎగరాలో, గురుత్వాకర్షణ ఎంత ఉండాలో వెనక్కి లెక్క కడతాడు. వేగం సెకనుకు 20 గడులు, గురుత్వాకర్షణ 50 వస్తుంది. ఇది మీవాడు ఫస్ట్ పీయూసీ ఫిజిక్స్‌లో చదివిన సమీకరణమే. తాడు ఇంకా కష్టం. బొమ్మ తాడు పొడవు దాటి పోతే ప్రతి ఫ్రేములోనూ దాన్ని వృత్తం మీదికి లాగాలి. వేగంలో తాడు వెంబడి ఉన్న భాగాన్ని తీసేసి, అడ్డంగా ఉన్న భాగాన్ని ఉంచాలి. అంటే వెక్టర్లు, డాట్ ప్రొడక్ట్. బొమ్మ మరీ వేగంగా ఊగితే సన్నటి గోడను తాకకుండానే అవతల తేలుతుంది, ఎందుకంటే ఒక ఫ్రేములో గోడకు ఇవతల ఉండి, తర్వాతి ఫ్రేముకే అవతల ఉంటుంది. సెలెస్ట్ చేసినవాళ్లు బొమ్మను ఒక్కొక్క పిక్సెలే జరుపుతూ, ప్రతిసారీ గోడ ఉందా అని చూసుకునే పద్ధతి పెట్టారు. ఆ పద్ధతిని అందరికీ అర్థమయ్యేలా రాశారు, బొమ్మ కదలికల కోడ్‌ను గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే సైట్‌లో పెట్టారు కూడా. వేల వరుసలున్న ఆ కోడ్ చదివావా అని మీవాడిని అడగండి. చదివితే వాడితో మాట్లాడాల్సిన పద్ధతే మారుతుంది. చదవకపోతే ఈ సెలవుల్లో చేయాల్సిన మొదటి పని అదే.

దూకడమే లేని ఆటలు ఇంతకుముందూ వచ్చాయి. 2010లో టెర్రీ కవనా చేసిన ‘వీవీవీవీవీవీ’లో బొమ్మ దూకదు, గురుత్వాకర్షణ తలకిందులవుతుంది, అంతే. కాబట్టి మీవాడి ఆలోచన పిచ్చిది కాదు. అయితే ఆలోచన ఉండటం వేరు, ఆట పూర్తి కావడం వేరు.

అందుకే డిప్లొమా వద్దంటున్నాను. పన్నెండో తరగతి తర్వాత డిజైన్ డిప్లొమా ఒక్కటే చేతిలో ఉంటే, ఈ రంగం మందగించిన రోజున ఇంకెక్కడికీ వెళ్లలేడు. కదలికల కోడ్ రాయగలిగినవాడికి సిమ్యులేషన్, రోబోటిక్స్, వర్చువల్ రియాలిటీ లాంటి చోట్ల కూడా పని దొరుకుతుంది. ఇక్కడి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలు కేసెట్, కామెడ్‌కె రాయనివ్వండి. కంప్యూటర్ సైన్స్ రాకపోతే గణితం, కంప్యూటర్ సైన్స్ కలిసిన డిగ్రీ కూడా మంచిదే. గేమ్ డిజైన్ మీద మనసు అలాగే నిలిస్తే, డిగ్రీ తర్వాత మన బెంగళూరులోని ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) క్యాంపస్‌లోనే డిజిటల్ గేమ్ డిజైన్‌లో పీజీ ఉంది. డాట్ అనే వాళ్ల ప్రవేశ పరీక్ష రాసి వెళ్లాలి. అప్పటికి చేతిలో నాలుగు పూర్తయిన ఆటలుంటే ఆ ఇంటర్వ్యూలో వాడు చెప్పుకోవడానికి చాలా ఉంటుంది.

ఉద్యోగాల మాట. ఈ ఊళ్లో ఆటల పని కొత్తగా వచ్చింది కాదు. ధ్రువ ఇంటరాక్టివ్ అనే ఆటల కంపెనీ 1997లోనే ఇక్కడ మొదలైంది. 2019లో దాన్ని రాక్‌స్టార్ గేమ్స్ అనే విదేశీ కంపెనీ కొనుక్కుంది. హైదరాబాద్‌లో ఈఏ, పుణెలో యూబీసాఫ్ట్ అనే పెద్ద ఆటల కంపెనీలు ఉన్నాయి. కానీ ఇక్కడి ఉద్యోగాల్లో ఎక్కువ భాగం విదేశీ ఆటలకు బొమ్మలు గీయడం, మొబైల్ ఆటలు నడపడం, టెస్టింగ్. మీవాడు కలగంటున్న, సెలెస్ట్‌లా అడ్డంకులు దాటుకుంటూ పోయే చిన్న ప్లాట్‌ఫార్మర్ ఆటకు జీతమిచ్చి కూర్చోబెట్టే కంపెనీలు తక్కువ. ఇది వాడికి ఇప్పుడే తెలియాలి. వాళ్ల నాన్నగారికి ఇంకోటి తెలియాలి: 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి నిషేధించింది డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని. మీవాడు చేయాలనుకుంటున్నది అది కాదు. ఈ రెండూ కలిసిపోయి చాలా ఇళ్లలో గొడవలవుతున్నాయి.

పరీక్షలయ్యేదాకా రాత్రి పదకొండుకు కంప్యూటర్ కట్టేయాలి. ఇందులో బేరం వద్దు. నిద్ర లేకపోతే ఆట కోడూ సరిగా రాదు, ఫిజిక్సూ రాదు. పరీక్షలయ్యాక మూడు నెలలు ఇవ్వండి. పది గదులుండే చిన్న ఆట, మొదలూ చివరా ఉన్న ఆట, గొడో అనే ఆటలు తయారు చేసే సాఫ్ట్‌వేర్‌లో చేయమనండి. అది ఉచితం. పూర్తయ్యాక ఇచ్.ఐఓ అనే ఆటల సైట్‌లో పెట్టాలి, దానికీ రూపాయి ఖర్చు లేదు. మొదటి ఆటనే స్టీమ్ అనే పెద్ద ఆన్‌లైన్ ఆటల దుకాణంలో పెడతానంటే వద్దనండి, అక్కడ ఆటకు వంద డాలర్లు కట్టాలి.

ఆ ఆటను మొదట ఆడాల్సింది వాళ్ల నాన్నగారు. కంట్రోలర్ ఆయన చేతికిచ్చి, అబ్బాయి పక్కన నోరు మెదపకుండా కూర్చోవాలి. ‘అక్కడ కాదు నాన్నా, ఇలా’ అనకూడదు. ఆయన ఎక్కడ ఆగిపోయారో, ఏ బటన్ వెతుక్కున్నారో కాగితం మీద రాసుకోవాలి. ఈ వృత్తిలో దీన్ని ప్లేటెస్టింగ్ అంటారు, స్టూడియోల్లో రోజూ జరిగే పని. ఎప్పుడూ ఆటలు ఆడని మనిషి దగ్గర దొరికే సమాచారం స్నేహితుల దగ్గర దొరకదు. వాళ్లు పొగుడుతారు. మీ ఆయన ఒప్పుకోరని మీకనిపిస్తే నా పేరు చెప్పి అడగండి, పది నిమిషాలు చాలు.

మూడు నెలల్లో పది గదులు పూర్తికాకపోతే తిట్టకండి. ఎక్కడ ఆగాడో చూడండి. బొమ్మలు గీస్తూ కోడ్ దగ్గర ఆగాడంటే ఆర్ట్ వైపు ఆలోచించాలి. కోడ్ బాగా సాగి గదులు కట్టడంలో విసుగు పుట్టిందంటే ప్రోగ్రామింగే వాడి దారి. రెండూ మొదలుపెట్టకుండా సెలెస్ట్ ఆడుతూ గడిపాడంటే, ఆట ఇష్టమే కానీ పని ఇష్టం కాదని వాడికే తెలుస్తుంది, అప్పుడు మామూలు ఇంజనీరింగ్ చదువు ఎలాగూ చేతిలో ఉంటుంది.

ఆ డిప్లొమా సంస్థవాళ్లు సీట్లు అయిపోతున్నాయి, ఇప్పుడే అడ్వాన్స్ కట్టండి అంటే కట్టకండి. పోయిన బ్యాచ్ పిల్లలు పూర్తి చేసిన ఆటలు చూపించమనండి, పాఠం చెప్పేవాళ్లు ఏయే ఆటలు విడుదల చేశారో అడగండి. మీవాడి ఆట తయారయ్యాక లింకు నాకు పంపించండి. ఆడి, తాడు ఎలా ఉందో వాడికే విడిగా రాస్తాను.