నాన్న ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్ళు. ఆర్టీసీలో రిటైరై తార్నాకలో ఉంటున్నారు. ఐదేళ్ళుగా సామ్‌సంగ్ ఫోన్ వాడారు. పోయిన నెల మా తమ్ముడు అది తీసేసి, కంపెనీ హంగులేవీ లేని స్టాక్ ఆండ్రాయిడ్ ఫోన్ కొనిచ్చాడు. "చెత్త యాప్‌లు ఉండవక్కా, ఫాస్ట్‌గా ఉంటుంది" అన్నాడు. ఆ రోజు నుంచి నాన్న మా ఫోన్లు ఎత్తడం లేదు. మోగుతుంది, చూస్తారు, ఎత్తలేరు. "ఇక నాకు చేతకాదులే" అని పక్కన పెట్టేస్తున్నారు. ఇక్కడ నాకు టెన్షన్. మళ్ళీ పాత కంపెనీ ఫోనే కొనాలా? ఇంతకీ రెండింట్లో ఏది మంచిది?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, ముందు మీ నాన్నగారితో ఒక మాట చెప్పండి. తప్పు ఆయనది కాదు. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్ దగ్గర గల్లీలో పద్నాలుగేళ్ళుగా ఫోన్లు బాగుచేస్తున్నాను. "చేతకావడం లేదు" అంటూ నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళలో చాలామందికి ఫోన్ వాడటం వచ్చు. వాళ్ళు నేర్చుకున్నదాన్ని ఇంట్లోవాళ్ళు ఒక్క రాత్రిలో మార్చేసి ఉంటారు, అంతే.

మీ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో చెప్తాను. సామ్‌సంగ్‌లో ఫోన్ వస్తే పచ్చ బొమ్మ మీద వేలు పెట్టి పక్కకు లాగాలి. స్టాక్ ఫోన్లలో ఉండే గూగుల్ ఫోన్ యాప్‌లో, స్క్రీన్ లాక్ అయి ఉన్నప్పుడు, చాలాకాలంగా ఉన్న పద్ధతి పైకి తోయడం. ఐదేళ్ళు పక్కకు లాగిన వేలు ఇప్పుడూ పక్కకే లాగుతుంది. ఫోన్ మోగి మోగి ఆగిపోతుంది. కింద ఉండే మూడు బటన్లదీ అదే కథ. సామ్‌సంగ్‌లో వెనక్కి వెళ్ళే బటన్ మామూలుగా కుడివైపు ఉంటుంది, స్టాక్ ఆండ్రాయిడ్‌లో ఎడమవైపు. ఆయన అలవాటుగా కుడివైపు నొక్కితే, తెరిచిన యాప్‌లన్నీ పేకముక్కల్లా వరసగా వచ్చి నిలబడతాయి. ఎవరికైనా కంగారు పుట్టదూ? ఇక ఆ బటన్లు కూడా లేకుండా అంచుల నుంచి వేలితో జరిపే పద్ధతి పెట్టి ఉంటే చెప్పనే అక్కర్లేదు.

ఈ ఆదివారం తార్నాక వెళ్ళి, ఆయన పక్కన కూర్చొని మూడు పనులు చేయండి. సెట్టింగ్స్‌లో 'నావిగేషన్ మోడ్' వెతికి మూడు బటన్ల పద్ధతి పెట్టండి. ఫోన్ యాప్‌ను అప్‌డేట్ చేసి, దాని సెట్టింగ్స్‌లో 'ఇన్‌కమింగ్ కాల్ జెశ్చర్' చూడండి. గూగుల్ 2025లో తెచ్చిన మార్పు ఇది. పక్కకు లాగడమో, ఒక్కసారి నొక్కడమో మనమే ఎంచుకోవచ్చు. మీ నాన్నగారికి నొక్కడమే పెట్టండి. మూడోది, కాంటాక్ట్స్ విడ్జెట్‌లో (విడ్జెట్ అంటే హోం స్క్రీన్ మీద పెట్టుకునే చిన్న పెట్టె) 'డైరెక్ట్ డయల్' అని ఉంటుంది. మీ ఫొటో, మీ తమ్ముడి ఫొటో హోం స్క్రీన్ మీదికి వస్తాయి, ముట్టుకుంటే ఫోన్ వెళ్తుంది. తర్వాత మీరు పక్క గదిలోకి వెళ్ళి ఆయనకు పదిసార్లు ఫోన్ చేయండి. పదిసార్లూ ఆయనే ఎత్తాలి. మీరు చెయ్యి పెట్టొద్దు.

మీ తమ్ముడి మాటలోనూ నిజం ఉందమ్మా. ఆయన్ని కోప్పడకండి. మొదట్లో ఆండ్రాయిడ్ బోసిగా ఉండేది. అందుకే 2009లో హెచ్‌టీసీ 'సెన్స్', సామ్‌సంగ్ 'టచ్‌విజ్', 2010లో షియోమీ 'మియూఐ' అని ఎవరి వేషం వాళ్ళు తొడిగారు. ఈ వేషాన్నే మేం స్కిన్ అంటాం. ఆ కాలపు చిన్న ఫోన్లకు ఈ బరువు మోయడం కష్టమయ్యేది. 2014 సెప్టెంబర్‌లో గూగుల్ 'ఆండ్రాయిడ్ వన్' ఫోన్లను మన దేశంలోనే మొదట విడుదల చేసింది. మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ కంపెనీలవి, ధర 6,399 రూపాయల దగ్గర మొదలు. వేషం లేని ఆండ్రాయిడ్ అంత తక్కువకు దొరకడం చూసి మా గల్లీలో మేమంతా సంబరపడ్డాం.

స్కిన్‌లతో నాకు నిజంగా కోపం తెప్పించే సంగతి వేరే ఉంది. పోయిన వానాకాలం హబ్సిగూడ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. "గోలీ టైముకు ఫోన్ మోగుతలేదు బిడ్డా. రెండు దినాలు బీపీ గోలీ ఏస్కోలే" అన్నారు. విప్పి చూడాల్సిన పనేమీ లేదు. బ్యాటరీ ఆదా చేస్తానంటూ ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఆయన మందులు గుర్తుచేసే యాప్‌ను వెనకాల ఆపేస్తోంది. యాప్ బొమ్మను నొక్కి పట్టి, 'యాప్ ఇన్ఫో'లోకి వెళ్ళి, బ్యాటరీ దగ్గర ఆంక్షలు తీసేశాను. 'ఆటోస్టార్ట్' ఆన్ చేశాను. నాలుగూ పదికి అలారం పెట్టి, మోగేదాకా కూర్చోమన్నాను. స్టూలు మీద చాయ్ తాగుతూ, ఫోన్ ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నారు. అది మోగగానే ఆయన ముఖం చూడాలి! మీ ఇంట్లో బీపీకో షుగర్‌కో మందులు వాడేవాళ్ళుంటే, ఏ ఫోనైనా సరే, ఈ సెట్టింగ్ ఇవాళే చూడండి.

అలాగని స్కిన్ అంటే చెత్త అనుకోవద్దు. స్క్రీన్‌ను రెండు ముక్కలు చేసి రెండు యాప్‌లు వాడుకోవడం సామ్‌సంగ్ నోట్ ఫోన్లలో 2012లోనే వచ్చింది, అసలు ఆండ్రాయిడ్‌లోకి 2016లో. 2018లో సామ్‌సంగ్ ప్రకటించిన 'వన్ యూఐ' అనే స్కిన్‌లో నొక్కాల్సినవన్నీ బొటనవేలికి అందేలా స్క్రీన్ కింది సగంలోకి దించారు. అందులో 'ఈజీ మోడ్' పెడితే బొమ్మలు, అక్షరాలు పెద్దవవుతాయి. మా అమ్మకు అదే పెట్టాను. మరో సంగతి, స్టాక్ అని అమ్మే ఫోన్ కూడా పూర్తిగా ఖాళీగా రాదు. గూగుల్ యాప్‌లు అందులో మనం అడగకుండానే ఉంటాయి.

కొనేటప్పుడు నేనైతే స్కిన్ పేరు కన్నా ముందు అడిగేది సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్ళు ఇస్తారని. గూగుల్ పిక్సెల్ 8తో 2023లో, సామ్‌సంగ్ ఎస్24తో 2024 జనవరిలో ఏడేళ్ళ మాట ఇచ్చాయి. తక్కువ ధర ఫోన్లలో ఇది బాగా తగ్గుతుంది, పైకి స్టాక్‌లా కనిపించేవాటిలో కూడా. మోడల్ పేరు పెట్టి అడగండి.

మీ నాన్నగారికి రెండు వారాలు టైమివ్వండి. అప్పటికీ ఆయన వేలు పాత దారికే పోతుంటే, మారుమాట లేకుండా సామ్‌సంగే తెచ్చివ్వండి. స్టాక్ ఫోన్ మీరు వాడుకోండి. 72 ఏళ్ళ మనిషి కూతురి ఫోన్ ఎత్తగలగడం కన్నా ఏ స్పీడూ నాకు ఎక్కువ కాదు.

ప్రశ్న: నాకు బేగంబజార్‌లో షాపు ఉంది. రెండు నంబర్లు, రెండు వాట్సాప్‌లు కావాలి. స్టాక్ ఫోన్‌లో ఆ సౌకర్యం లేదంటున్నారు. కాల్ రికార్డింగ్ కూడా కావాలి.

జవాబు: వాట్సాప్ కోసం స్కిన్ అక్కర్లేదండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒకే యాప్‌లో రెండు ఖాతాలు పెట్టుకునే వీలు వాట్సాపే 2023 అక్టోబర్‌లో ప్రకటించింది. రికార్డింగ్ సంగతికొస్తే, గూగుల్ ఫోన్ యాప్ రికార్డు చేస్తే ఆ మాట ఇద్దరికీ వినిపించేలా చెప్తుంది. చాలా స్కిన్‌ల ఫోన్లలోనూ ఇప్పుడు ఇదే యాప్ ఉంటుంది కాబట్టి, కొనేముందు షాపులోనే ఒక కాల్ చేసి చూసుకోండి. రికార్డు చేస్తున్నానని అవతలివాళ్ళకు చెప్పి చేయడమే మర్యాద, నా మటుకు.

ప్రశ్న: నా పాత ఫోన్‌కు అప్‌డేట్లు ఆగిపోయాయి. కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి, ఆండ్రాయిడ్ ఆధారంగా ఉచితంగా దొరికే లీనేజ్ ఓఎస్ వేసుకోవచ్చా? – బీటెక్ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ముందు మీ మోడల్‌కు అది ఉందో లేదో చూడు తమ్ముడూ. అది వేయాలంటే ముందు బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సాఫ్ట్‌వేర్‌ను లేపే భాగం) తాళం తీయాలి. అలా అన్‌లాక్ చేయగానే ఫోన్లో ఉన్నదంతా చెరిగిపోతుంది, కాబట్టి ఫొటోలు ముందే తీసి పెట్టుకో. ఆ తర్వాత కొన్ని బ్యాంకు యాప్‌లు పనిచేయకపోవచ్చు. మెస్ బిల్లు, బస్ పాస్ అన్నీ ఆ ఫోన్‌తోనే కడుతున్నావా? అయితే ఇప్పుడు దాని జోలికి పోవద్దు. రెండో ఫోన్ చేతికొచ్చాక దీని మీద హాయిగా నేర్చుకో.