పిన్ని కడుపు, బాబాయి సంతకం

"ఆపరేషన్‌కి ముందు ఇంట్లోవాళ్లు సంతకం పెడితే చాలదా, పేషెంట్‌కి అన్నీ చెప్పి భయపెట్టడం ఎందుకు?" అని ఒకరు అడిగారు. చాలదు. చెప్పకపోతేనే మనిషి ఎక్కువ హడలిపోతుంది.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పిన్నికి గాల్‌బ్లాడర్‌లో రాళ్లని బరంపురంలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. ముందురోజు సాయంత్రం నర్సు వచ్చి "పేషెంట్ తాలూకు ఎవరు?" అంది. బాబాయి లేచాడు. ఫారంలో సంతకం చోట పెన్సిల్‌తో ఇంటూ మార్కు ఉంది, ఆపరేషన్ పేరు రాయాల్సిన చోట మాత్రం ఖాళీ. బాబాయి పెన్ను తీసేసరికి పిన్ని మంచం మీంచే చెయ్యి చాపింది. "కోసేది నా కడుపు కదా, ఇలా తే."

ఫారం ఒడియాలో ఉంది. పిన్ని బజారులో ఒడియాలో బేరమాడి ఎవరినైనా ఓడిస్తుంది గానీ అక్షరాలు రావు. మా వైపు ఓట్లడిగే కరపత్రం తెలుగులో వస్తుంది, ఆపరేషన్ ఫారం రాదు! "ఇందులో ఏముందో చెప్పేవాళ్లని పిలవండి" అంది. నర్సు విసుక్కుంది, బాబాయి తల దించుకున్నాడు.

కాసేపటికి కుర్ర డాక్టరొకాయన వచ్చి ఫారం వెనక్కి తిప్పి కాలేయం, దాని కింద సంచీ, నాళం గీశాడు. సగం ఒడియా, సగం తెలుగు. చిన్న రంధ్రాలతోనే చేస్తాం, లోపల అతుక్కుపోయి ఉంటే పొట్ట కోయాల్సి రావచ్చు అన్నాడు. చేయించుకోకపోతే? రాయి నాళంలోకి జారితే కామెర్లు రావచ్చట. అంతా విని పిన్ని, "అయితే కేన్సర్ కాదా?" అంది. మేం వరండాలో డబ్బు సర్దుబాటు గురించి గుసగుసలాడుకుంటుంటే అదేనని తేల్చేసుకుందన్నమాట. పెన్ను అడిగి తనే సంతకం పెట్టింది.

"ఆవిడకి చెప్పకండి డాక్టరుగారూ" అనే చుట్టం ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వాళ్లని బత్తాయిల సంచీతో సహా గేటు దగ్గరే ఆపాలి.

చట్టం కూడా పిన్ని వైపే. సమీరా కోహ్లి అనే పేషెంట్ కేసులో లాప్రోస్కోపీ (చిన్న రంధ్రంలోంచి గొట్టం పెట్టి కడుపు లోపల చూడటం) అని మత్తిచ్చి, ఆవిడ స్పృహలో లేనప్పుడు తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కాదు, ఆవిడకి మెలకువ వచ్చేదాకా ఆగొచ్చు, తల్లి అనుమతి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. అంత చెప్పి ఇప్పించిన పరిహారం 25,000 రూపాయలు, పైన వడ్డీ. నాకిప్పటికీ మింగుడుపడదు.

మీరు మాత్రం ఆపరేషన్ పేరు రాయించాకే ఫారం పేషెంట్ చేతికివ్వండి. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.