టెక్ సందేహాలు: పాతిక గజాలకూ మూడొందల గజాలకూ ఒకే స్కోపు సరిపోతుందా?

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ మధ్య .223 తూటా వాడే ఏఆర్-15 రైఫిల్ కొన్నాడు. సెలవు రోజుల్లో రేంజ్‌కి వెళ్లి 25 గజాల నుంచి 300 గజాల దాకా కాలుస్తాడు. స్నేహితుడి పొలంలో అడవి పందుల వేటకూ వెళ్తాడట. రెడ్ డాట్ తీసుకోవాలా, 1-6 స్కోపు తీసుకోవాలా, ఏకంగా 5-25 కొంటే రెండింటికీ పనికొస్తుంది కదా అని నన్ను అడుగుతున్నాడు. నేను కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో .22 రైఫిల్ కాల్చినవాణ్ణి, అదీ ఇనుప సైట్లతో. ఈ అద్దాల లెక్క నాకు తెలీదు. కాస్త విడమర్చి చెప్పండి.
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: 5-25, అంటే ఐదు నుంచి పాతిక రెట్ల దాకా పెంచి చూపే స్కోపు, మాత్రం వద్దని ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. మిగతా రెండింట్లో ఏదన్నది నిదానంగా తేల్చుకోవచ్చు.

ఎన్‌సీసీలో మీకు నేర్పింది గుర్తు తెచ్చుకోండి. వెనక సైటు, ముందు మొన, అవతల టార్గెట్. ఈ మూడింటినీ ఒకే వరసలోకి తేవాలి. కానీ కన్ను ఒకసారికి ఒక దూరాన్నే స్పష్టంగా చూస్తుంది. ముందు మొన తేటగా ఉంటే టార్గెట్ మసకబారుతుంది. అద్దాల సైట్లు తీర్చే మొదటి కష్టం ఇదే. గురి గుర్తునూ టార్గెట్‌నూ ఒకే దూరాన ఉన్నట్టు కంటికి చూపిస్తాయి. రెట్లు పెంచి చూపడం ఆ తర్వాతి సంగతి. స్కోపు కొనేవాళ్లు చాలామంది రెట్ల అంకె దగ్గరే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు.

మీవాడి పని నిజానికి రెండు పనులు. పాతిక గజాల దగ్గర టైమ్ ఉండదు, పంది నిలబడదు. రెండు కళ్లూ తెరిచి చుట్టూ చూస్తూనే గురి పట్టాలి. మూడొందల గజాల దగ్గర టైమ్ ఉంటుంది గానీ వివరం కనబడదు. మొదటిదానికి విశాలమైన చూపు కావాలి, రెండోదానికి లోతైన చూపు. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. ఎంత డబ్బు పెట్టినా ఇది మారదు.

నమ్మకం కుదరకపోతే ఇక్కడే ఒక ప్రయోగం చేయండి. ఫోన్ కెమెరాను ఐదు రెట్ల జూమ్‌లో పెట్టి, ఆ తెరనే చూస్తూ బేగంబజార్ సందులో పది అడుగులు వేయండి. ఎదురుగా ఉన్న మనిషి చొక్కా గుండీ కనిపిస్తుంది గానీ మనిషి ఎటు కదులుతున్నాడో తెలీదు. 5-25 స్కోపును అతి తక్కువ రెట్లలో పెట్టినా పరిస్థితి అదే. ఐదు రెట్ల దగ్గర 100 గజాల దూరాన కనిపించే వెడల్పు ఇరవై అడుగుల పైచిలుకు. అంటే 25 గజాల దగ్గర ఐదారు అడుగులే. పొదలోంచి పంది బయటికొచ్చి ఆ కిటికీ దాటిపోవడానికి ఒక్క క్షణం చాలు. పైగా మే నెల మధ్యాహ్నం మన ఔటర్ రింగ్ రోడ్డు మీద తారు పైన గాలి నీళ్లలా ఆడుతుంది చూడండి, ఆ ఎండమావిని పాతిక రెట్లు పెంచితే టార్గెట్ కూడా దాంతో పాటే ఆడుతుంది. టెక్సాస్ ఎండ మనకేం తీసిపోదు. ఎండపూట పెద్ద స్కోపులున్నవాళ్లు కూడా రెట్లు తగ్గించుకునే కాలుస్తారు.

ఇక రెడ్ డాట్. ఇందులో ఒక చిన్న ఎల్‌ఈడీ వెలుగు, వంపు తిరిగిన అద్దం మీద పడి సమాంతర కిరణాలుగా కంటికి చేరుతుంది. అందుకే ఆ చుక్క దూరంగా టార్గెట్ మీదే ఉన్నట్టు కనబడుతుంది. తల కాస్త అటూ ఇటూ కదిలినా గురి పెద్దగా చెదరదు. కన్ను ఫలానా దూరంలోనే ఉండాలన్న నియమమూ లేదు. స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ కంపెనీ 1975లో తొలి ఎలక్ట్రానిక్ రెడ్ డాట్ తెచ్చింది. దగ్గరి గురికి ఇప్పటికీ దీన్ని మించింది లేదు.

దూరం పెరిగేకొద్దీ దాని హద్దు తెలుస్తుంది. చుక్క సైజును ఎంఓఏలో చెబుతారు. డిగ్రీలో అరవయ్యో వంతు అన్నమాట, 100 గజాల దగ్గర ఒక అంగుళానికి కాస్త ఎక్కువ. 2 ఎంఓఏ చుక్క 300 గజాల దగ్గర ఆరంగుళాలకు పైగా కప్పేస్తుంది. అయినా తగిలించవచ్చు, చాలామంది తగిలిస్తారు. నాకున్న అభ్యంతరం వేరే. సందెవెలుగులో రెండొందల గజాల అవతల కదిలింది పందో, పక్క రైతు దూడో రెట్లు లేని అద్దంలో తెలీదు. ఏమిటో తెలీని దాని మీద తుపాకీ ఎత్తకూడదు. వేట మాట ఉంది కాబట్టే మీవాడికి కాస్తో కూస్తో రెట్లు ఉన్న అద్దం కావాలంటున్నాను.

రెడ్ డాట్ వెనక మడత పడే 3 రెట్ల మాగ్నిఫయర్ పెట్టుకునే పద్ధతి ఒకటుంది. కాలుపు ఎక్కువగా వంద గజాల లోపే ఉండి, ఎప్పుడో ఒకసారి దూరం చూసేవాళ్లకు అది బాగుంటుంది. ఒకటి గుర్తుంచుకోవాలి, మాగ్నిఫయర్ టార్గెట్‌తో పాటు చుక్కనూ మూడింతలు చేస్తుంది. ఇందాక కప్పిన ఆరంగుళాలను ఇప్పుడూ కప్పుతుంది. టార్గెట్ ఏమిటో తెలుస్తుంది, గురి మాత్రం సన్నబడదు.

మీవాడికి నేను చెప్పేది 1-6×24 స్కోపు. ఒకటి నుంచి ఆరు రెట్లు, ముందు అద్దం వెడల్పు 24 మిల్లీమీటర్లు అని ఆ అంకెల అర్థం. అమెరికాలో వీటిని ఎల్‌పీవీఓ అంటారు, తక్కువ రెట్ల నుంచి మొదలై పెంచుకునే స్కోపు అని. ఒక రెట్టు దగ్గర 100 గజాల దూరాన నూట పది అడుగుల వెడల్పు కనిపిస్తుంది, రెండు కళ్లూ తెరిచి రెడ్ డాట్‌లాగే వాడొచ్చు. ఆరు రెట్లకు తిప్పితే 300 గజాల టార్గెట్ 50 గజాల దగ్గర ఉన్నంత పెద్దగా కనిపిస్తుంది.

షాపువాళ్లు 1-8, 1-10 చూపిస్తారు. కొనేముందు ఒక భాగహారం చేయమనండి. ముందు అద్దం మిల్లీమీటర్లను రెట్లతో భాగిస్తే, వెనకవైపు కంటికి చేరే వెలుగు గుండ్రం ఎంతో వస్తుంది. 24ను 6తో భాగిస్తే 4 మిల్లీమీటర్లు, 8తో 3, 10తో 2.4. మసక వెలుతురులో మన కంటిపాప అంతకంటే పెద్దగా తెరుచుకుంటుంది. గుండ్రం చిన్నదయ్యేకొద్దీ బొమ్మ చీకటిగా ఉంటుంది, తల రవ్వంత జరిగినా నల్లటి నీడ కమ్ముతుంది. పందులు తిరిగేది చీకటి పడే వేళకే కదా. నేను ఇలాంటి రెండు స్కోపులను షాపులో ట్యూబ్‌లైట్ల కింద చూసి ఒకేలా ఉన్నాయనుకున్నాను. సాయంత్రం ఆరున్నరకు బయట చెట్ల కిందకు తీసుకెళ్లి చూస్తే ఒకదాంట్లో కొమ్మలు విడివిడిగా కనిపించాయి, రెండోదాంట్లో అంతా ఒకే ముద్ద. కుదిరితే మీవాణ్ణి కూడా స్కోపును సాయంత్రం పూట గుమ్మం బయటకు తెచ్చి చూడమనండి.

రెటికిల్, అంటే లోపలి గురి గీతలు, ఎక్కడ ఉన్నాయన్నది తర్వాతి ప్రశ్న. రెట్లు మార్చే అద్దాలకు ముందు, అంటే ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌లో, ఉంటే రెట్లతో పాటు గీతలూ పెరుగుతాయి, తగ్గుతాయి. దూరాన్ని బట్టి ఏ గీతతో గురి పెట్టాలన్న లెక్క ఏ రెట్ల దగ్గరైనా సరిగ్గా వస్తుంది గానీ ఒక రెట్టు దగ్గర గీతలు వెంట్రుకల్లా సన్నబడతాయి. వాటి వెనక, అంటే సెకండ్ ఫోకల్ ప్లేన్‌లో, ఉంటే గీతలు ఎప్పుడూ ఒకే సైజు. దూరాన్ని బట్టి కింది గీతలతో గురి పెట్టే లెక్క మాత్రం ఒకే ఒక రెట్ల దగ్గర, మామూలుగా అత్యధిక రెట్ల దగ్గర, నిజమవుతుంది. ఆరు రెట్ల స్కోపులో దూరం కాల్చేటప్పుడు ఎలాగూ ఆరుకే తిప్పుతారు కాబట్టి, ఈ అవసరానికి నా ఓటు సెకండ్ ఫోకల్ ప్లేన్‌కే. కాకపోతే మధ్య చుక్క పట్టపగలు కూడా కనిపించేంత వెలగాలి. అది వెలగకపోతే స్కోపు ఒక రెట్టు దగ్గర ఉన్నా రెడ్ డాట్‌లా పనికిరాదు. చవక స్కోపులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

మీవాడి కళ్లజోడు చీటీలో సిలిండర్ పవర్ ఉందేమో అడగండి. ఉంటే రెడ్ డాట్ చుక్క గుండ్రంగా కాక తోకచుక్కలా, నలిగిన పువ్వులా కనిపిస్తుంది. డాట్ పాడైందని వాపసు ఇచ్చేవాళ్లున్నారు. ఫోన్‌తో ఆ చుక్కను ఫొటో తీస్తే తేలిపోతుంది: ఫొటోలో గుండ్రంగా ఉంటే తేడా కంటిదే. అలాంటివాళ్లకు అద్దం మీదే గీతలు చెక్కిన స్కోపులు, ప్రిజం సైట్లు (లోపల పట్టకం ఉన్న చిన్న స్కోపులు) హాయి. ఐపీస్, అంటే కంటివైపు అద్దం, తిప్పి గీతలను తేటపరచుకోవచ్చు, బ్యాటరీ అయిపోయినా గీతలు ఉంటాయి.

కొలత ఎంఓఏనా, మిల్‌నా అని కూడా అడుగుతాడు. గజాల్లో ఆలోచించేవాడైతే ఎంఓఏ. మీటర్లు అలవాటున్న మనబోటివాళ్లకు మిల్ సులువు. 1 మిల్ అంటే 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు, 0.1 మిల్ క్లిక్ ఒకటి తిప్పితే గురి 1 సెంటీమీటర్ జరుగుతుంది. రెటికిల్ మిల్‌లో, తిప్పే డయల్ ఎంఓఏలో ఉన్న స్కోపు మాత్రం ఎంత చవగ్గా వచ్చినా కొనొద్దు.

బిగింపు మీద అశ్రద్ధ చేయొద్దు. మంచి స్కోపును నాసిరకం రింగుల్లో పెడితే ప్రతి వారం గురి మారిపోతుంది, తప్పు స్కోపు మీద పడుతుంది. రింగుల మరలను బిగింపు బలం కొలిచే టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. కంపెనీలు సాధారణంగా 15 నుంచి 18 అంగుళ పౌండ్లు అంటాయి, తన పెట్టెలోని కాగితం ఏం చెబితే అదే ఖాయం. గీత నిలువుగా ఉందో లేదో చూడటానికి తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసే గుండుదారం చాలు. దాన్ని దూరంగా వేలాడదీసి, రెటికిల్ నిలువు గీతను దారంతో కలిపి బిగించాలి. గీత ఒరిగి ఉంటే 25 గజాల దగ్గర తెలీదు, 300 దగ్గర పక్కకు కొడుతుంది.

ఏఆర్ మీద స్కోపు మధ్య భాగం గొట్టానికి రెండున్నర అంగుళాల ఎత్తున ఉంటుంది. 50 గజాలకు గురి సరిచేస్తే తూటా మళ్లీ 200 గజాల చుట్టుపక్కల గురి రేఖను దాటుతుంది, ఆ మధ్యంతా గురికి దగ్గరగానే వెళ్తుంది. ఇది చాలామంది వాడే పద్ధతి. కానీ పది గజాల దగ్గర మాత్రం రెండంగుళాలు కిందుగా తగులుతుంది. ఇది తెలీక గురి చెడిందని మరలు తిప్పేస్తుంటారు.

అబ్బాయి ఇండియా వచ్చేటప్పుడు ఎవరికోసమో స్కోపు సూట్‌కేసులో పెట్టుకోవద్దని కూడా చెప్పండి. రైఫిల్ స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణ నిబంధనల కిందకు వస్తాయి. అనుమతి సంగతి తేల్చుకోకుండా విమానం ఎక్కకూడదు.

ప్రశ్న: శామీర్‌పేట దగ్గర మా తోటలో డబ్బాల మీద కాల్చడానికి ఎయిర్ రైఫిల్ వాడతాను. నడిమికి విరిచి గాలి ఎక్కించే రకం. దానికి మంచి రైఫిల్ స్కోపే పెట్టాను. నెలలోపే లోపలి గీత తిరిగిపోయింది. పది మీటర్ల దగ్గర బొమ్మ కూడా మసకే. నకిలీ సరుకంటారా?
– అల్వాల్ పాఠకుడు

జవాబు: నకిలీ కాకపోవచ్చు. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ రెండువైపులా తంతుంది. పిస్టన్ ముందుకు దూకేటప్పుడు తుపాకీ వెనక్కి, పిస్టన్ చివర గుద్దుకోగానే ముందుకు. మామూలు రైఫిల్ స్కోపు వెనక తన్నుకు తట్టుకునేలా కట్టింది, ఈ ముందు కుదుపు దానికి అలవాటు లేదు. డబ్బా మీద ఎయిర్‌గన్ రేటెడ్ అని ఉన్నదే కొనండి. మౌంట్ వెనక్కి జారకుండా ఆపే పిన్ను ఉండాలి, తుపాకీ మీద మౌంట్ కూర్చునే పట్టీ (రైలు) 11 మిల్లీమీటర్లదో కాదో కొలిచి తీసుకోండి.

మసకకు కారణం పారలాక్స్, అంటే స్కోపును ఏ దూరానికి కుదిర్చారన్న సంగతి. రైఫిల్ స్కోపులను ఎక్కువగా 100 గజాలకు సరిచేసి పంపుతారు. ముందు అద్దం దగ్గరో పక్కనో తిప్పి 10 మీటర్లకు తెచ్చుకునే వీలున్నది మీకు కావాలి. రెట్లు నాలుగు చాలు.

2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల కాలిబర్, 20 జూళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. అలాగని తోటకొచ్చిన పిట్టలను కొట్టొద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. డబ్బా వెనక మట్టిగట్టు ఉండేలా చూసుకోండి.

ప్రశ్న: మా పాప 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. పోటీలకు స్కోపు కొనివ్వాలా?
– తార్నాక తల్లి

జవాబు: వద్దమ్మా. అంతర్జాతీయ నిబంధనల్లో ఆ పోటీకి స్కోపు నిషేధం. వెనక సన్నటి రంధ్రం, ముందు వలయం ఉన్న సైట్లే వాడాలి. టార్గెట్ మధ్య పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది అలాంటి సైట్లతోనే. ఆ డబ్బు సరైన షూటింగ్ జాకెట్‌కూ కంటి పరీక్షకూ పెట్టండి.

ప్రశ్న: అమీన్‌పూర్ చెరువు దగ్గర పక్షులు చూడటానికి బైనాక్యులర్ కావాలి. 8×42 మంచిదా, 10×50 మంచిదా?
– మియాపూర్ పాఠకురాలు

జవాబు: 8×42. పైన కూకట్‌పల్లి పెద్దాయనకు చెప్పిన భాగహారమే చేయండి. ఒకటి 5.25, ఒకటి 5 మిల్లీమీటర్లు. వెలుగులో తేడా లేదు. బరువులోనూ, చేతి వణుకు కనిపించడంలోనూ చాలా తేడా ఉంది. ఎగిరే పిట్టను పట్టుకోవడానికి వెడల్పు చూపే ముఖ్యం. లోపల నైట్రోజన్ నింపి సీలు చేసినది తీసుకోండి, వానాకాలంలో అద్దాలకు బూజు పట్టదు. ఇంటికొచ్చాక తడి తుడిచి, పెట్టెలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి.