అమ్మ వెన్నెముక ఆపరేషన్‌కి పొలం అమ్మాలా?

కావలి నుంచి ఓ పాఠకురాలు రాశారు: "అమ్మకు 61 ఏళ్లు. ఐదేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కి చికిత్స అయింది. ఇప్పుడది వెన్నెముకకు పాకింది. నాలుగు రోజులుగా కాళ్లు తూలుతున్నాయి. ఆపరేషన్ చేసి, తర్వాత రేడియేషన్ ఇవ్వాలన్నారు. ఆరు లక్షలవుతుందట. మూడు లక్షల ఎఫ్‌డీ, పదిహేను సవర్ల బంగారం, అమ్మ పేరున ఎకరం మాగాణి ఉన్నాయి. తమ్ముడు పొలం అమ్మేద్దామంటున్నాడు. పాకిపోయిన జబ్బుకి అంత ఖర్చెందుకని బంధువులు అంటున్నారు."

చూడమ్మా, మీకు ఫోన్‌లో చెప్పిన మాటే ముందు రాస్తున్నాను, ఇలాంటి టెన్షన్‌లో ఉన్న ఇళ్లు ఇంకా ఉంటాయి కాబట్టి. కాళ్లు తూలుతున్నాయంటే గడ్డ వెన్నుపామును నొక్కుతూ ఉండొచ్చు. అప్పుడు ప్రతి గంటా విలువైనదే. నడక పూర్తిగా పోయాక ఆపరేషన్ చేసినా తిరిగి రావడం కష్టం. డబ్బు సర్దుబాటు కోసం ఆస్పత్రికి వెళ్లడం ఆపకండి.

ఈ ఆపరేషన్‌తో క్యాన్సర్ నయం కాదు, నిజమే. వెన్నుపాము మీద ఒత్తిడి తీసేసి, స్క్రూలు, రాడ్లతో ఎముకను నిలబెడతారు. నొప్పి తగ్గడానికి, నడక నిలవడానికి చేసేది ఇది. 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో ఆపరేషన్, రేడియేషన్ రెండూ చేసినవారిలో నూటికి 84 మంది నడవగలిగారు. రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవారిలో 57 మంది. అమ్మ మంచాన పడితే మనిషిని పెట్టుకోవాలి, లేదా మీరు ఉద్యోగం మానాలి. బంధువులు ఆ ఖర్చు లెక్కేయలేదు. అయితే అందరికీ ఈ ఆపరేషన్ తగదు. శరీరం తట్టుకుంటుందా, ఇంకా ఎన్నాళ్ల ఆయుష్షు ఆశించవచ్చు, రేడియేషన్ ఒక్కటే చాలదా అని సర్జన్‌ని మొహమాటం లేకుండా అడగండి.

డబ్బు కట్టకముందే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఈ ఆపరేషన్, రేడియేషన్ అక్కడ చేస్తారేమో కనుక్కోండి. అత్యవసరమైతే ఫోన్‌లోనే అనుమతి తీసుకునే వీలుంది. చేయకపోతే తిరుపతి స్విమ్స్ గురించి డాక్టర్‌నే అడగండి, కానీ ఆయన సరేనంటేనే అమ్మను కదిలించండి.

చేతి నుంచి పెట్టాల్సి వస్తే ముందు ఎఫ్‌డీ తీయండి. వడ్డీలో కాస్త కోత పడుతుంది, పడనివ్వండి. తర్వాత బంగారం. అమ్మొద్దు, బ్యాంకులో కుదువ పెట్టండి. పదిహేను సవర్లంటే 120 గ్రాములు, మూడు లక్షలకు అందులో సగం కూడా అక్కర్లేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి మాత్రం తేవొద్దు. మూడు లక్షలకు ఏడాదికి లక్షా ఎనిమిది వేలు వడ్డీకే పోతాయి. మిగిలిన బంగారం ముట్టుకోకండి. ఆపరేషన్ తర్వాత మందులు, ఫిజియోథెరపీ, చెన్నైకో తిరుపతికో తిరుగుళ్లు ఉంటాయి. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ భద్రపరచండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేస్తే అవే అడుగుతారు.

పొలం ఇప్పుడొద్దు. అవసరానికి అమ్మేవాళ్లకు రేటు చెప్పేది కొనేవాడే. పైగా బేరం, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా అమ్మ కాళ్లు ఆగవు. ఎఫ్‌డీ కూడా ఆవిడ పేరునే ఉంటే బయల్దేరే ముందే సంతకం పెట్టించుకోండి. ఆ సంతకం అడిగేటప్పుడే జబ్బు ఎంతవరకు వచ్చిందో, ఆపరేషన్ ఎందుకో ఆవిడకు చెప్పండి. మీ ఉత్తరంలో అందరి అభిప్రాయమూ ఉంది, ఆవిడది తప్ప.